వాసన ఎలుకది కాదు!

తెల్ల ఎలుకలను పెంచుకొనే ఇంట్లో ఎప్పుడో ఒకనాడు ఈ తగాదా రాక తప్పదు. "ఈ కంపు భరించడం మావల్ల కాదు. వాటిని ఎక్కడైనా వదిలేసి రా!" అంటుంది నాయనమ్మ. "కంపా? నాకేమీ రావడం లేదే!" అంటాడు మనవడు. విచిత్రమేమిటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంకా విచిత్రం, ఇద్దరూ తప్పు పడుతున్నది ఎలుకనే. అసలు దోషి ఎవరో వాళ్ళకు తెలియదు.

పంజరంలో పుట్టి పెరిగిన తెల్ల ఎలుకను వీధిలో వదిలితే అది బ్రతకదు. దాక్కోవడానికి కన్నం ఎరుగదు, దాని తెల్లని రంగు పిల్లికీ కాకికీ దూరం నుంచే కనిపిస్తుంది. కనుక ఎలుకను వెళ్ళగొట్టకుండా వాసనను మాత్రమే వెళ్ళగొట్టే దారి వెతకాలి. ఆ దారి మీ రసాయన శాస్త్రం పుస్తకంలోనే ఉంది. పదండి, చూద్దాం.

ఎవరీ తెల్ల ఎలుకలు?

మనం 'ఎలుక' అనే ఒక్క మాటను చాలా జంతువులకు వాడుతాం. బియ్యం డబ్బాల వెనుక తిరిగే చిట్టెలుక వేరు. పొలం గట్లను తవ్వే పందికొక్కు వేరు. పెంపుడు తెల్ల ఎలుక ఈ రెండూ కాదు. శాస్త్రజ్ఞులు రాటస్ నార్వేజికస్ అని పిలిచే గోధుమరంగు ఎలుక సంతతి అది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో జాక్ బ్లాక్ అనే ఆయన ఉండేవాడు. విక్టోరియా రాణికి ఎలుకలు పట్టిపెట్టడం ఆయన పని. వింత రంగుల ఎలుకలు దొరికితే చంపకుండా పెంచి అమ్మేవాడు. 1901లో ఆ దేశంలోని ఐల్స్‌బరీ పట్టణంలో జరిగిన ప్రదర్శనలో పెంపుడు ఎలుకలకు కూడా పోటీ పెట్టారు. అలా ఎలుక ఇంటి జంతువుల జాబితాలో చేరింది.

ప్రయోగశాలల్లో పెంచే తెల్ల ఎలుకలూ ఈ జాతివే. మన దేశంలో 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలి వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ (దానినే ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం) తన పరిశోధనలకు ఇటువంటి ఎలుకలను పెంచుతూ వచ్చింది. ఎలుకలను గదులనిండా పెంచేచోట వాసన చిన్న విషయం కాదు. అందుకే దాని గురించి శాస్త్రజ్ఞులు చాలా శ్రద్ధగా పరిశోధించారు.

ఒక హెచ్చరిక. బోనులో పడిన ఇంటి ఎలుకను గాని, పొలంలో దొరికిన ఎలుకను గాని పెంచాలని చూడకండి. వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు మనుషులకు సోకుతాయి.

దోషి ఎవరు?

ఎలుక మురికి జంతువు అనుకొంటాం. కాని గమనించి చూడండి. మేలుకొని ఉన్నంతసేపూ అది ముందు కాళ్ళతో మూతి తుడుచుకొంటూ, బొచ్చు నాకుకొంటూ ఉంటుంది. మగ ఎలుక ఒంటికి కొంచెం జిడ్డు వాసన ఉన్నమాట నిజమే. అయితే ముక్కు మూసుకొనేలా చేసేది అది కాదు. పంజరం దగ్గరికి వెళ్ళగానే కళ్ళు మండించే ఘాటు వాసన అమ్మోనియాది. ఎలుక శరీరం అమ్మోనియాను అలా బయటికి వదలదు. మరి అది ఎక్కడి నుంచి వస్తోంది?

మనం తిన్న పప్పులోనూ, గుడ్డులోనూ మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో నత్రజని ఉంటుంది. శరీరానికి అవసరమైనది పోగా మిగిలిన నత్రజని మొదట అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా విషం. అందుకని కాలేయం దానిని వెంటనే యూరియాగా మార్చేస్తుంది. యూరియాకు వాసన లేదు, అంత హానీ లేదు, నీటిలో చక్కగా కరుగుతుంది. మూత్రపిండాలు దానిని వడగట్టి బయటికి పంపుతాయి. ఎలుకలోనూ ఇదే జరుగుతుంది. అందుకే అప్పుడే పోసిన మూత్రానికి ఆ ఘాటు ఉండదు.

కథ ఆ తరువాత మొదలవుతుంది. పంజరం అడుగున తడిసిన పరుపులో సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో పెరుగుతాయి. వాటిలో కొన్ని యూరియేజ్ అనే ఎన్జైమును తయారు చేస్తాయి. ఒక యూరియా అణువు, ఒక నీటి అణువు ఈ ఎన్జైము చేతికి చిక్కితే చాలు, రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు పుడతాయి. కాలేయం కష్టపడి మూట కట్టిన విషాన్ని సూక్ష్మజీవులు మళ్ళీ మూట విప్పి గాలిలోకి వదులుతున్నాయన్నమాట!

కాబట్టి వాసన పుట్టాలంటే నాలుగు కావాలి: యూరియా, తడి, సూక్ష్మజీవులు, వాటికి తగినంత సమయం. ఈ నాలుగూ గుర్తు పెట్టుకోండి. ఒక్కదానిని తీసివేసినా వాసన తగ్గుతుంది.

చేసి చూడండి

ఈ చర్యను ఎలుక లేకుండానే మీ కళ్ళతో చూడవచ్చు. పొలానికి వేసే యూరియా రసాయనికంగా ఎలుక మూత్రంలోని యూరియాయే. యూరియేజ్ ఎన్జైము సూక్ష్మజీవులలోనే కాక పచ్చి సోయాచిక్కుడు గింజలలో కూడా దండిగా ఉంటుంది. ఇక అమ్మోనియాను పట్టి ఇచ్చే గూఢచారి మన వంటింట్లోనే ఉంది. అదే పసుపు!

పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు తయారవుతాయని మీ అందరికీ తెలుసు. సున్నం క్షారం. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. నీటిలో కరిగిన అమ్మోనియా కూడా క్షారమే. చెంచా పసుపును కొద్ది నీటిలో కలిపి, అద్దుడు కాగితానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, సన్నని ముక్కలుగా కత్తిరించుకోండి.

మూతలున్న మూడు సీసాలు తీసుకోండి. ఒక్కొక్కదానిలో అర గ్లాసు నీరు పోసి చెంచా యూరియా కరిగించండి. మొదటి సీసాలో ఇంకేమీ వేయవద్దు. రెండవ దానిలో పచ్చి సోయాచిక్కుడు గింజల పొడి ఒక చెంచా వేయండి. మూడవ దానిలో అరగంట బాగా ఉడికించి మెదిపిన గింజల ముద్ద ఒక చెంచా వేయండి. ప్రతి సీసాలోనూ తడిపిన పసుపు కాగితం ముక్క ఒకటి, ద్రవానికి తగలకుండా మూత నుంచి వేలాడేలా పెట్టి మూత బిగించండి.

కొంతసేపటికి రెండవ సీసాలోని కాగితం ఎర్రబడుతుంది. మిగిలిన రెండూ పసుపుగానే ఉంటాయి. మొదటి సీసాలో ఎన్జైము లేదు. మూడవ దానిలో ఉన్నా, ఉడకడంతో చెడిపోయింది. ఇప్పుడు రెండవ సీసాలో నాలుగైదు చెంచాల తెల్ల వెనిగర్ పోసి, కొత్త కాగితం పెట్టండి. ఈసారి ఎర్రబడదు. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉంది. ఆమ్లం క్షారాన్ని పట్టుకొని లవణంగా మార్చింది. లవణంగా మారిన అమ్మోనియా గాలిలోకి ఎగరలేదు. ఈ సంగతి ముందు ముందు మనకు ఉపయోగపడుతుంది.

సీసాలలోకి ముక్కు పెట్టి వాసన చూడకండి. ప్రయోగం అయ్యాక చేతులు కడుక్కోండి.

ఈ యూరియేజ్‌కు ఒక ఘనత ఉంది. ప్రపంచంలో మొట్టమొదట స్ఫటిక రూపంలో వేరుచేసిన ఎన్జైము ఇదే. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ 1926లో ఒక రకం చిక్కుడు గింజల నుంచి దీనిని సాధించాడు. పదిహేడేళ్ళ వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఆయన ఎడమ చేయి పోయింది. ఒంటి చేత్తో ప్రయోగశాలలో పనిచేసి, ఎన్జైములు కూడా మాంసకృత్తులేనని చూపాడు. మొదట చాలామంది నమ్మలేదు. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక చిన్న లెక్క

"చిటికెడంత ఎలుక, దాని మూత్రం ఎంత?" అంటారేమో. లెక్క కడదాం.

పెరిగిన ఎలుక రోజుకు సుమారు 15 గ్రాముల మేత తింటుంది. అందులో 2 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయనుకొందాం. దానిలో సగం, అంటే 1 గ్రాములోని నత్రజని మాత్రమే చివరకు అమ్మోనియాగా మారిందనుకొందాం. మాంసకృత్తులలో నత్రజని సుమారు 16 శాతం. అంటే 0.16 గ్రాములు. 14 గ్రాముల నత్రజని నుంచి 17 గ్రాముల అమ్మోనియా వస్తుంది కనుక, 0.16 గ్రాముల నుంచి సుమారు 0.19 గ్రాములు వస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద 17 గ్రాముల అమ్మోనియా దాదాపు 24 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కనుక 0.19 గ్రాములు పావు లీటరుకు కొంచెం ఎక్కువే.

మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 27,000 లీటర్ల గాలి ఉంటుంది. గది పూర్తిగా మూసి ఉంటే, పావు లీటరు అమ్మోనియా అంటే పది లక్షల భాగాల గాలిలో సుమారు 9 భాగాలు. అదే అమ్మోనియా 100 లీటర్ల గాజు తొట్టెలో చిక్కుకొంటే? పది లక్షల భాగాలకు 2,500 భాగాలు! నిజానికి అంత చేరదు. గాలి ఆడుతూనే ఉంటుంది, కొంత అమ్మోనియా తడిలోనే కరిగి ఉంటుంది. కాని ఈ లెక్క ఒక సంగతి చెబుతుంది. గదిలో మన ముక్కుకు తగిలే అమ్మోనియా వేరు, పంజరం అడుగున పరుపుకు ఆనుకొని పడుకొన్న ఎలుక ముక్కుకు తగిలే అమ్మోనియా వేరు.

ఎలుకకు ఏమవుతుంది?

ఎలుక శ్వాసనాళాల లోపలి గోడల మీద కంటికి కనిపించని సన్నని వెంట్రుకల వంటి శైలికలు ఉంటాయి. అవి ఎప్పుడూ కదులుతూ దుమ్మునూ సూక్ష్మజీవులనూ పైకి ఊడ్చేస్తుంటాయి. అమ్మోనియా ఆ తడి గోడలలో కరిగి వాటిని దెబ్బ తీస్తుంది. చాలా ఎలుకల శ్వాసనాళాలలో మైకోప్లాస్మా అనే అతి చిన్న సూక్ష్మజీవి ముందునుంచే నక్కి ఉంటుంది. ఊడ్చేవాళ్ళు పడిపోతే దానికి పండుగే. 1976లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, పది లక్షల భాగాల గాలికి 25 నుంచి 250 భాగాల దాకా అమ్మోనియా ఉన్నచోట పెట్టిన ఎలుకలన్నిటిలోనూ ఈ శ్వాసరోగం ముదిరింది. మనుషులు రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే చోట 25 భాగాలు మించరాదని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఎలుక మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఆ పంజరంలోనే ఉంటుంది.

కనుక వాసన అనేది నాయనమ్మకు కలిగే చిరాకు మాత్రమే కాదు. రెండు మూడేళ్ళే బ్రతికే ఆ చిన్న ప్రాణికి అది ఆయుష్షు సమస్య.

మరి మనవడికి వాసన ఎందుకు తెలియలేదు? ఎండుచేపల కొట్టులోకి అడుగు పెట్టినప్పుడు ముక్కు మూసుకొంటాం. పది నిమిషాలు గడిస్తే ఏమీ అనిపించదు. కొట్టు యజమానికి అసలే తెలియదు. ఒకే వాసన ఎడతెగకుండా వస్తుంటే మన ముక్కు, మెదడు దానిని పట్టించుకోవడం మానేస్తాయి. అందుకని ఎలుకలు పెంచేవాళ్ళు తమ ముక్కును నమ్మకూడదు. బడి నుంచి ఇంటికి రాగానే, మొదటి శ్వాసలోనే వాసన చూడాలి. లేదా తడిపిన పసుపు కాగితాన్ని పంజరం చువ్వలకు వెలుపల, ఎలుక పళ్ళకు అందకుండా, పరుపు ఎత్తులో కట్టి చూడాలి. అది ఎర్రబడితే పరుపు మార్చవలసిన రోజు దాటిపోయిందన్నమాట.

దాచవద్దు, పుట్టనివ్వవద్దు

వాసన రాగానే చాలామంది చేసే పని అగరుబత్తి వెలిగించడం, సాంబ్రాణి వేయడం, సెంటు చల్లడం. వీటివల్ల అమ్మోనియా ఒక్క అణువు కూడా తగ్గదు. పైగా పొగ తోడై ఎలుక ఊపిరితిత్తులకు రెండు బాధలు అవుతాయి. కలరా ఉండలు, ఫినాయిలు పంజరం దరిదాపులకు తేకూడదు. అవి ఎలుకకు విషం. మూత్రం ఉన్నచోట బ్లీచింగు పౌడరు వేయడం ఇంకా ప్రమాదం. దానిలోని క్లోరిన్, అమ్మోనియా కలిసి క్లోరమిన్లు అనే విషవాయువులు పుడతాయి. అవి మీకూ హాని చేస్తాయి.

మరి ఏం చేయాలి? ఇందాకటి నాలుగింటినీ ఒక్కొక్కటిగా పట్టుకొందాం.

మొదట తడి. పంజరం ఇనుప చువ్వలదై, అడుగున ప్లాస్టిక్ తొట్టి ఉంటే మంచిది. చెక్క మూత్రాన్ని పీల్చుకొంటుంది, ఎంత కడిగినా వదలదు. తొట్టిలో తడిని బాగా పీల్చే పరుపు రెండు మూడు అంగుళాల మందాన వేయాలి. సన్నగా చింపిన శుభ్రమైన కాగితం చవకైనది, మంచిది. వడ్రంగి కొట్టులోని రంపపు పొట్టు వద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పైన్, దేవదారు వంటి కలప పొట్టు నుంచి వచ్చే ఆవిరులు ఎలుక కాలేయంలోని ఎన్జైములను మార్చివేస్తాయని 1967లోనే కనుగొన్నారు. కమ్మని వాసన అన్నిటికీ మేలు కాదు.

రెండవది సమయం. చాలా ఎలుకలు ఒక మూలనే ఎక్కువగా మలమూత్రాలు విడుస్తాయి. ఆ మూలను కనిపెట్టి అక్కడ చిన్న పళ్ళెం పెట్టండి. అందులో మొదట కొంచెం పాత పరుపు వేస్తే ఎలుకకు గుర్తు తెలుస్తుంది. ఆ పళ్ళేన్ని రోజూ ఖాళీ చేయండి. కొత్త పరుపులో సూక్ష్మజీవులు పెరిగి అమ్మోనియా హెచ్చడానికి కొన్ని రోజులు పడుతుంది. రోజూ తడి మూలను తీసేస్తే వాటికి ఆ వ్యవధి దొరకదు. వానాకాలంలోనూ, గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలోనూ ఇంకా తరచుగా మార్చాలి.

మూడవది సూక్ష్మజీవులు. వారానికొకసారి ఎలుకలను వేరే చోట ఉంచి, తొట్టిని సబ్బునీటితో కడగండి. తరువాత వెనిగర్, నీరు సమపాళ్ళలో కలిపి తుడవండి. చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్లుగా, తొట్టికి పట్టిన తెల్లని చారను కూడా ఆ ఆమ్లం కరిగిస్తుంది. మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక చిత్రం చూడండి. పంజరంలోని ప్రతి వస్తువునూ ఒకేసారి తళతళలాడేలా కడిగితే వాసన త్వరగా తిరిగి వస్తుంది! ఎలుక తన వాసనతోనే తన ఇంటిని గుర్తు పడుతుంది. అది పోతే కంగారుపడి అంతటా మూత్రపు చుక్కలతో మళ్ళీ గుర్తులు పెట్టుకొంటుంది. అందుకని పొడిగా, శుభ్రంగా ఉన్న పాత పరుపు గుప్పెడు తిరిగి వేయాలి. గూడును ఒక వారం, ఊయలను ఇంకో వారం కడగాలి.

నాలుగవది యూరియా. మూత్రం రాకుండా ఆపలేం, కాని మేతను సరి చూడవచ్చు. పెరిగే పిల్లలకు కావలసినన్ని మాంసకృత్తులు పెరిగిన ఎలుకకు అవసరం లేదు. అవసరానికి మించి పెట్టిన గుడ్డూ మాంసమూ యూరియాగా మారి పరుపులోకే వస్తాయి. ధాన్యాలు, కూరగాయలు, కొద్దిగా పప్పు చాలు. తినకుండా దాచుకొన్న కూరముక్కలను రోజూ వెతికి తీసేయండి.

వీటన్నిటికీ తోడు గాలి కావాలి. అమ్మోనియా గాలికన్నా తేలిక. కాని మూడువైపులా మూసిన గాజు తొట్టెలో గాలి కదలక అడుగునే నిలుస్తుంది. పంజరాన్ని గాలి ఆడే కిటికీకి కొంచెం దూరంగా పెట్టండి. ఎండ మాత్రం తగలకూడదు. ఎలుకకు మనలాగా చెమట పట్టి ఒళ్ళు చల్లబడదు. మన వేసవి వడగాలి దానిని చంపేస్తుంది. ఎలుక ఒంటరిగా ఉండలేదు, కనీసం రెండింటిని పెంచాలి. కాని పంజరం పెంచకుండా ఎలుకలను పెంచితే పైన చేసిన లెక్క అన్ని రెట్లు అవుతుంది.

ఇంత చేసినా ఎలుక తుమ్ముతున్నా, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు వస్తున్నా, ముక్కు కళ్ళ దగ్గర ఎర్రని చారలు కనిపించినా పశువైద్యునికి చూపించండి. ఆ ఎరుపు సాధారణంగా రక్తం కాదు, కంటి వెనుక గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్ అనే రంగు పదార్థం. ఎలుక బాధలో ఉందని అది చెబుతుంది. పంజరం శుభ్రం చేసేటప్పుడు మీరు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎలుక మూత్రంలోని మాంసకృత్తులు కొందరికి ఉబ్బసం తెప్పిస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉంటే పెద్దలతో మాట్లాడాకే ఎలుకలను తెచ్చుకోవాలి.

ఎలుక పంజరం దాటి చూస్తే

ఈ నాలుగు మాటలు ఎలుక పంజరానికే పరిమితం కావు. మీ బడి మూత్రశాలలో, పశువుల కొట్టంలో, కోళ్ళ ఫారంలో కళ్ళు మండించే వాయువు ఇదే. రైతు తడి నేలపై చల్లి వదిలేసిన యూరియాను నేలలోని యూరియేజ్ ఇలాగే విడగొడుతుంది. నత్రజనిలో కొంత పైరుకు అందకుండా గాలిలో కలిసిపోతుంది. యూరియాను మట్టిలోకి కలిసేలా వేయమని వ్యవసాయాధికారులు చెప్పడానికి ఒక కారణం ఇదే. ఒకచోట దుర్వాసన, మరొకచోట డబ్బు నష్టం. రసాయనిక చర్య మాత్రం ఒక్కటే.

ఆలోచించండి

1. యూరియా బస్తా మీద 'నత్రజని 46 శాతం' అని ఉంటుంది. యూరియా అణుభారం 60 అని తీసుకొని, ఈ అంకె సరైనదేనా లెక్క కట్టి చూడండి.

2. ఎర్రబడిన పసుపు కాగితాన్ని సీసాలోంచి తీసి గాలిలో ఉంచితే మెల్లగా మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. సున్నంతో ఎర్రబడిన కాగితం అలా రాదు. ఎందుకు?

3. పై ప్రయోగంలో రెండవ సీసాను మంచునీటి గిన్నెలో ఉంచితే కాగితం త్వరగా ఎర్రబడుతుందా, ఆలస్యంగానా? మీ జవాబు నిజమైతే, ఎలుక పరుపును చలికాలంలో కన్నా వేసవిలో ఎక్కువసార్లు మార్చాలా, తక్కువసార్లా?